యూకేలో 2025 సెప్టెంబర్ బ్యాచ్‌కి పీఎస్‌డబ్ల్యూ (చదువయ్యాక ఇక్కడే పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా) రెండేళ్ళా, 18 నెలలా? డిసెంబర్ 31 లోపు అప్లై చేయగలమా?

లెస్టర్_కుర్రాడు

నాది ఎమ్మెస్సీ డేటా అనలిటిక్స్, 2025 సెప్టెంబర్ ఇన్‌టేక్. డిసర్టేషన్ (కోర్సు చివరి థీసిస్) 2026 సెప్టెంబర్ రెండో వారంలో ఇవ్వాలి. రిజల్ట్ ఎప్పుడొస్తుందని డిపార్ట్‌మెంట్‌లో అడిగితే ఒకరు నవంబర్ అంటారు, ఇంకొకరు డిసెంబర్‌లో మార్కులు ఖాయం చేసే ఎగ్జామ్ బోర్డు కూర్చున్నాక అంటారు. నా స్టూడెంట్ వీసా 2027 జనవరి 20 దాకా ఉంది.

2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే ఇస్తారట. నేను చేరేటప్పుడు రెండేళ్ళు అన్నారు. చేరిన నెల రోజులకే రూల్ మార్చేశారు. అప్పటికే చేరిపోయినవాళ్ళకి పాత రూల్ వర్తించదా? ఫీజు మొత్తం కట్టించుకున్నాక ఇలా చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? పదిమందిని అడిగితే పది జవాబులు వస్తున్నాయి. తెలిసినవాళ్ళు ఎవరైనా తేల్చి చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని

నేనూ అదే బ్యాచ్. పదకొండో జవాబు కోసం నేనూ ఇక్కడే కూర్చుంటా.

వీసా_పురాణం

కోర్సులో ఎప్పుడు చేరావన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గ్రాడ్యుయేట్ వీసాకి నువ్వు అప్లై చేసిన తేదీ ఒక్కటే లెక్క. 2025 అక్టోబర్ 14న పార్లమెంటు ముందు పెట్టిన రూల్స్ మార్పులో ఉన్నది ఇదే. 2026 డిసెంబర్ 31 లోపు అప్లై చేస్తే రెండేళ్ళు, జనవరి 1 నుంచి చేస్తే 18 నెలలు. పీహెచ్‌డీ వాళ్ళకి మాత్రం మూడేళ్ళు అలాగే ఉంది. నిర్ణయం జనవరిలో వచ్చినా ఫర్వాలేదు, అప్లికేషన్ డిసెంబర్‌లో పడితే చాలు.

చిక్కు వేరే చోట ఉంది. కోర్సు పాసయ్యావని నీ యూనివర్సిటీ హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) రిపోర్ట్ చేయాలి. ఆ రిపోర్ట్ వెళ్ళకముందు అప్లై చేస్తే రిజెక్ట్ అవుతుంది, ఫీజు కూడా పోవచ్చు. కాబట్టి నువ్వు అడగాల్సింది రిజల్ట్ ఎప్పుడని కాదు. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీస్‌కి రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు పంపు: మా ఎగ్జామ్ బోర్డు ఏ తేదీన? బోర్డు అయ్యాక ఎన్ని రోజులకి హోమ్ ఆఫీస్‌కి రిపోర్ట్ చేస్తారు? డిపార్ట్‌మెంట్‌లో వాళ్ళకి ఈ రెండోది తెలియదు, వాళ్ళని అడిగి ప్రయోజనం లేదు.

లెస్టర్_కుర్రాడు

కాన్వొకేషన్ జనవరి చివర్లో అంటున్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

వీసా_పురాణం

లేదు. గౌను వేసుకుని ఫొటో దిగకపోయినా వీసా వస్తుంది. సర్టిఫికెట్ కాగితం చేతికి రాకపోయినా వస్తుంది. రిపోర్ట్ వెళ్ళిందని యూనివర్సిటీ నుంచి మెయిల్ వస్తుంది చూడు, అదీ ముఖ్యం.

కోడింగ్_కోతి

"చేరిన నెలకే మార్చారు" అన్నమాట నేను ఒప్పుకోను. 2025 మే 12న ఇమిగ్రేషన్ మీద ప్రభుత్వ వైట్ పేపర్ (విధాన పత్రం) వచ్చింది, అందులోనే 18 నెలలని రాసి ఉంది. ప్రధాని హోదాలో స్టార్మర్ టీవీలో మాట్లాడాడు, అన్ని పేపర్లలో వచ్చింది. సెప్టెంబర్‌లో ఫ్లైట్ ఎక్కినవాళ్ళకి తెలియదంటే చూసుకోలేదనే అర్థం.

లెస్టర్_కుర్రాడు

కోతి బ్రో, మేలో వచ్చింది ప్రతిపాదన మాత్రమే. ఎప్పటి నుంచి అమలు, ఎవరికి వర్తిస్తుంది అన్నది అందులో లేదు. మా కన్సల్టెన్సీ వాళ్ళని అడిగితే "అది కొత్తగా వచ్చేవాళ్ళకి, మీకు కాదు" అన్నారు. అప్పటికే డిపాజిట్ కట్టేసి ఉన్నాం. డిపాజిట్ వదులుకోమంటావా?

నైట్‌షిఫ్ట్_నాని

కన్సల్టెన్సీ వాళ్ళు "మీకు కాదు" అన్నారంటే కచ్చితంగా మనకే.

పాతకాపు_2010

ఇదంతా నాకు కొత్త కాదు. నేను 2010లో వచ్చాను. అప్పుడు టైర్ 1 పోస్ట్ స్టడీ వర్క్ అని రెండేళ్ళ వీసా ఉండేది. 2012 ఏప్రిల్‌లో థెరిసా మే హోమ్ సెక్రటరీగా ఉన్నప్పుడు మొత్తానికి మూసేశారు. తగ్గించడం కూడా కాదు, మూసేయడం. నాతో పాటు చదివినవాళ్ళలో డిసర్టేషన్ ముందే ఇచ్చినవాళ్ళు ఏప్రిల్‌కి ముందు అప్లై చేసి బయటపడ్డారు. ఎక్స్‌టెన్షన్ తీసుకున్నవాళ్ళు సూట్‌కేసులు సర్దుకున్నారు. తెలివితేటల్లో ఇద్దరికీ తేడా ఏమీ లేదు, తేదీలే తేడా.

ఆ తర్వాత 2021 జూలై 1న గ్రాడ్యుయేట్ రూట్ తెరిచేదాకా తొమ్మిదేళ్ళు చదువైపోయాక ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి దారే సరిగ్గా లేదు. కాబట్టి తమ్ముళ్ళూ, 18 నెలలు పోనీ అనుకుని ఊరుకోవద్దు, అలాగని ప్రపంచం మునిగిపోయిందనీ అనుకోవద్దు. డిసర్టేషన్‌కి ఎక్స్‌టెన్షన్ అడిగే ముందు మాత్రం వందసార్లు ఆలోచించండి. నాలుగు వారాల ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే మీ మార్కులు తర్వాతి బోర్డుకి వెళ్తాయి. ఆ బోర్డు జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఉంటుంది.

డిసర్టేషన్_బాధితుడు

ఈ పోస్ట్ చదివాక నిద్ర పోయింది. ఒక మాడ్యూల్ రీసిట్ (తప్పిన పరీక్ష మళ్ళీ రాయడం) ఆగస్టులో ఉంది నాకు. అదీ ఇదే లెక్కా?

వీసా_పురాణం

రీసిట్ మార్కులు సెప్టెంబర్, అక్టోబర్ బోర్డులోకి వెళ్తే ఇబ్బంది లేదు. ఆ మాడ్యూల్ పాసయితేగానీ డిసర్టేషన్ మొదలుపెట్టనివ్వమని కొన్ని చోట్ల అంటారు. అలా అయితే కోర్సు ముగింపు ఆలస్యమవుతుంది. నీ హ్యాండ్‌బుక్‌లో చూడు.

మాధవి_మిడ్‌ల్యాండ్స్

నేను బర్మింగ్‌హామ్‌లో ఒక మధ్యరకం కంపెనీలో హెచ్ఆర్. మాకు స్పాన్సర్ లైసెన్స్ (విదేశీ ఉద్యోగులకి వర్క్ వీసా ఇప్పించే అనుమతి) ఉంది. కంపెనీ వైపు నుంచి ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను.

అందరూ "ఆరు నెలలే కదా తగ్గింది" అంటున్నారు. మేం క్యాండిడేట్‌ని మొదట అడిగేది వీసా ఇంకా ఎంత కాలం ఉందని. చదువయ్యాక మన పిల్లలకి మంచి ఉద్యోగం దొరకడానికి మామూలుగా ఐదారు నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్రొబేషన్ ఆరు నెలలు. ప్రొబేషన్ అవకుండా స్పాన్సర్‌షిప్ మాట ఎత్తనివ్వరు మా డైరెక్టర్లు. రెండేళ్ళ వీసా అయితే ప్రొబేషన్ అయ్యాక ఇంకో ఏడాది చేతిలో ఉంటుంది. ఆ ఏడాదిలో మనిషి పని చూసి, వచ్చే బడ్జెట్‌లో స్పాన్సర్‌షిప్ ఖర్చు పెట్టుకుంటారు. 18 నెలలయితే ప్రొబేషన్ అయ్యేసరికి మిగిలేది ఆరు నెలలు. అప్పుడు బడ్జెట్ గురించి మాట్లాడే టైమ్ ఉండదు, "అవునా కాదా ఇప్పుడే చెప్పు" అన్నట్టు ఉంటుంది. అలా అడిగితే కంపెనీ చెప్పే జవాబు ఎక్కువసార్లు కాదనే. ఇప్పుడు కోత పడిన ఆరు నెలలు చివరివి, అసలు నిర్ణయం జరిగేది ఆ ఆరు నెలల్లోనే.

ఇంకో విషయం. పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ స్కీములు చాలావరకు సెప్టెంబర్, అక్టోబర్‌లో తెరుచుకుంటాయి, చేరేది మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో. మీరు 2026 డిసెంబర్‌లో వీసా తీసుకుంటే 2027 సెప్టెంబర్, 2028 సెప్టెంబర్ రెండూ అందుతాయి. 2027 జనవరిలో తీసుకుంటే వీసా 2028 వేసవిలో అయిపోతుంది. రెండో అవకాశం చేయి జారినట్టే.

కోడింగ్_కోతి

అక్కా, రెండోది పూర్తిగా జారదు. ఉద్యోగం మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందే స్కిల్డ్ వర్కర్ వీసాకి (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) అప్లై చేయొచ్చు. సెప్టెంబర్ 1న చేరాలంటే జూన్‌లోనే చేసుకోవచ్చు. వీసా జూలైలో అయిపోయినా అప్లికేషన్ నడుస్తున్నంతకాలం ఇక్కడ ఉండొచ్చు.

మాధవి_మిడ్‌ల్యాండ్స్

రూల్ ప్రకారం నువ్వు చెప్పింది నిజమే. కంపెనీ సీఓఎస్ (స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్) జూన్‌లో చేతికివ్వాలి కదా నాన్నా. ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, నేను చూసినవాటిలో చాలామంది ఆగస్టు దాకా ఆ ఫైలే తెరవరు.

నైట్‌షిఫ్ట్_నాని

అక్కా, నాది చిన్న డౌట్. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా క్లాసులు ఉండవు, డిసర్టేషన్ ఒక్కటే. ఆ మూడు నెలలు వేర్‌హౌస్‌లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చా? మా ఏజెన్సీవాడు సమ్మర్ కదా చేయమంటున్నాడు.

వీసా_పురాణం

మాస్టర్స్‌లో డిసర్టేషన్ కాలం కూడా టర్మ్ కిందే లెక్క. వారానికి 20 గంటలే. సమ్మర్ సెలవులు డిగ్రీ పిల్లలకి. గంటలు దాటితే స్టూడెంట్ వీసా షరతు ఉల్లంఘించినట్టు, రేపు గ్రాడ్యుయేట్ వీసా అప్లికేషన్‌లో అది మెడకి చుట్టుకుంటుంది. పేస్లిప్పులు ఎక్కడికీ పోవు, పన్నుల శాఖ దగ్గర భద్రంగా ఉంటాయి. ఏజెన్సీవాడికి షిఫ్ట్ నిండితే చాలు, నీ వీసా సంగతి వాడికి అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నాని

సరే, 20 గంటల నాని అని పేరు మార్చుకుంటా.

ప్లేస్‌మెంట్_ప్రశాంతి

నాది రెండేళ్ళ ఎమ్మెస్సీ, మధ్యలో ఇండస్ట్రీ ప్లేస్‌మెంట్. 2025 సెప్టెంబర్‌లో చేరాను, 2027లో అయిపోతుంది. అంటే నాకు ఎలాగూ 18 నెలలే. ప్లేస్‌మెంట్ మానేసి ఒక ఏడాది కోర్సుకి మారితే 2026 డిసెంబర్ లోపు అప్లై చేసి రెండేళ్ళు తెచ్చుకోవచ్చని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

కోడింగ్_కోతి

మార్చెయ్. రెండేళ్ళు చేతిలో ఉంటే అన్నీ అవే వస్తాయి.

మాధవి_మిడ్‌ల్యాండ్స్

ప్లేస్‌మెంట్ దొరికిందా, ఇంకా వెతుకుతున్నావా? దొరికి ఉంటే దయచేసి మానొద్దు. ఇక్కడి కంపెనీలో ఏడాది పనిచేసిన అనుభవం, ఇక్కడి మేనేజర్ రిఫరెన్స్ ఆరు నెలల వీసా కంటే ఎక్కువ పనికొస్తాయి. మా దగ్గర స్పాన్సర్ చేసినవాళ్ళలో ఎక్కువమంది ముందు ప్లేస్‌మెంట్‌కి వచ్చినవాళ్ళే. దొరక్కపోతే మాత్రం ఆలోచించాల్సిందే. ప్లేస్‌మెంట్ దొరకనివాళ్ళని యూనివర్సిటీ ఎలాగూ ఏడాది కోర్సుకి మారుస్తుంది.

ప్లేస్‌మెంట్_ప్రశాంతి

ఇంకా దొరకలేదక్కా. ఇంటర్వ్యూల దాకా వెళ్తున్నాను.

గ్లాస్గో_గాలివాన

ప్రశాంతీ, మారాలనుకుంటే ఇప్పుడే అడుగు. కోర్సు కాలం తగ్గితే యూనివర్సిటీ హోమ్ ఆఫీస్‌కి చెప్తుంది, నీ వీసా కూడా అనుకున్నదానికంటే ముందే అయిపోవచ్చు. జూలైలో నిర్ణయించుకుంటే డిసర్టేషన్ రాయడానికి టైమ్ ఉండదు.

నాది పీహెచ్‌డీ, మూడేళ్ళు అలాగే ఉంచారు. ల్యాబ్‌లో అందరూ నన్ను చూసి అసూయ పడుతున్నారు. థీసిస్ రాసేది నేను కదా, ఆ సంగతి ఎవరూ అడగరు.

నైట్‌షిఫ్ట్_నాని

18 నెలలు వద్దు, మూడేళ్ళు కావాలంటే నాలుగేళ్ళు చదవాలి. బేరం బాగానే ఉంది.

లెస్టర్_కుర్రాడు

ఖర్చు ఎంతవుతుందో కూడా చెప్పండి, ఇప్పటి నుంచే దాచుకోవాలి.

వీసా_పురాణం

2025 ఏప్రిల్ నాటి లెక్కలో అప్లికేషన్ ఫీజు 880 పౌండ్లు. ఐహెచ్ఎస్ (ఆరోగ్య సర్‌చార్జ్) ఏడాదికి 1,035, రెండేళ్ళకి 2,070. మొత్తం 2,950. 18 నెలలకయితే ఐహెచ్ఎస్ ఏడాదిన్నరకే, 1,552.50. అప్లై చేసే ముందు సైట్‌లో ఫీజు మళ్ళీ చూసుకో, ఏటా ఏప్రిల్‌లో మార్చే అలవాటుంది వాళ్ళకి. మొత్తం ఒకేసారి కట్టాలి, వాయిదాలు లేవు. డిసెంబర్‌లో రిపోర్ట్ వచ్చి, కార్డులో డబ్బు లేక జనవరి జీతం కోసం ఆగినవాడికంటే దురదృష్టవంతుడు ఉండడు.

కోడింగ్_కోతి

అంటే ఆరు నెలలు కోసేసి 517 పౌండ్ల 50 పెన్నీలు మిగిల్చారు. ధన్యవాదాలు హోమ్ ఆఫీస్.

పాతకాపు_2010

ఒక పాత సలహా ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, జాగ్రత్త. "స్టూడెంట్ వీసా ఆఖరి వారంలో అప్లై చేయండి, రోజులు కలిసొస్తాయి" అని. గ్రాడ్యుయేట్ వీసా నిర్ణయం వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది, స్టూడెంట్ వీసాలో మిగిలిన రోజులు దానికి కలవవు, అందుకే అలా చెప్పేవాళ్ళు. మొన్నటి బ్యాచ్‌లకి అది మంచి సలహానే. ఈ బ్యాచ్‌వాళ్ళు జనవరి 20 దాకా ఆగి నాలుగు వారాలు మిగుల్చుకోబోతే ఆరు నెలలు పోతాయి.

డిసర్టేషన్_బాధితుడు

మా రూమ్మేట్ సరిగ్గా ఇదే ప్లాన్‌లో ఉన్నాడు. ఈ పోస్ట్ పంపించాను. "పాతకాపు ఎవరు, లాయరా?" అని అడిగాడు.

పాతకాపు_2010

కాదని చెప్పు. యూనివర్సిటీలో ఇమిగ్రేషన్ అడ్వైజర్ ఉంటారు, డబ్బు తీసుకోరు. వాళ్ళనే అడగమను.

లావణ్య_లూటన్

మా అక్క పెళ్ళి డిసెంబర్ 19న. 14కి టికెట్ బుక్ చేశాను, తిరిగొచ్చేది జనవరి 6. మా బోర్డు డిసెంబర్ మొదటి వారంలో. అప్లై చేసి వెళ్ళిపోవచ్చా?

వీసా_పురాణం

అప్లై చేసేటప్పుడు యూకేలో ఉండాలి. నిర్ణయం వచ్చేదాకా కూడా ఇక్కడే ఉండాలి. మధ్యలో దేశం దాటితే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టు లెక్క. మామూలుగా ఎనిమిది వారాల లోపు నిర్ణయం ఇస్తామంటారు, కొందరికి వారం పది రోజుల్లో కూడా వచ్చింది, దాన్ని నమ్ముకుని టికెట్ కొనొద్దు. నువ్వు వెళ్ళి 6న వచ్చి స్టూడెంట్ వీసా మిగిలుంటే అప్పుడు అప్లై చేయొచ్చు, 18 నెలలు వస్తాయి.

లావణ్య_లూటన్

అక్క పెళ్ళా, ఆరు నెలల వీసానా అని ఇంట్లో ఎలా అడగాలి నేను.

గ్లాస్గో_గాలివాన

లావణ్యా, బోర్డు తేదీ రాతపూర్వకంగా తెలుసుకునేదాకా టికెట్ మార్చుకోవద్దు. బోర్డు నవంబర్‌లోనే ఉందని తేలినా తేలొచ్చు. నవంబర్ చివర్లో అప్లై చేస్తే పెళ్ళికి ముందే నిర్ణయం వచ్చే అవకాశం ఉంటుంది. తేదీ మార్చుకోవడానికి వీలుండే టికెట్ అయితే మేలు.

నైట్‌షిఫ్ట్_నాని

పెళ్ళే జనవరికి మార్పించు. ముహూర్తం కూడా హోమ్ ఆఫీస్ పెట్టినట్టు ఉంటుంది.

మాధవి_మిడ్‌ల్యాండ్స్

ఇంకో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు. కోర్సు అయ్యేసరికి స్పాన్సర్ చేసే ఉద్యోగం చేతిలో ఉంటే గ్రాడ్యుయేట్ వీసా తీసుకోకుండా స్టూడెంట్ నుంచి నేరుగా స్కిల్డ్ వర్కర్‌కి మారొచ్చు. ఇందులో కంపెనీకి పెద్ద లాభం ఉంది. స్పాన్సర్ చేసే కంపెనీలు ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ కట్టాలి. 2025 డిసెంబర్ 16 నుంచి పెద్ద కంపెనీలకి ఏడాదికి 1,320 పౌండ్లు, చిన్నవాటికి 480. స్టూడెంట్ వీసా మీద నుంచి మారేవాళ్ళకి అది కట్టక్కర్లేదు. గ్రాడ్యుయేట్ వీసా మీద నుంచి మారితే కట్టాలి. మూడేళ్ళ స్పాన్సర్‌షిప్ అంటే పెద్ద కంపెనీకి 3,960 తేడా. చాలామంది మేనేజర్లకి ఈ సంగతి తెలియదు, ఇంటర్వ్యూలో మీరే చెప్పండి.

కోడింగ్_కోతి

చెప్పడం వరకు బాగుంది. కానీ నేరుగా మారితే గ్రాడ్యుయేట్ వీసా శాశ్వతంగా పోతుంది అక్కా, ఆ మాట చెప్పలేదు మీరు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకే గ్రాడ్యుయేట్ వీసా ఇస్తారు. స్కిల్డ్ వర్కర్‌కి వెళ్ళి ఎనిమిది నెలలకి లేఆఫ్ అయితే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే వెళ్ళిపోవాలి. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉంటే ఉద్యోగం పోయినా వీసా పోదు. ఈ మార్కెట్‌లో నేనయితే ఆ రెండేళ్ళు వదులుకోను.

మాధవి_మిడ్‌ల్యాండ్స్

గ్రాడ్యుయేట్ వీసా కాలం స్కిల్డ్ వర్కర్ సెటిల్‌మెంట్ (శాశ్వత నివాసం) లెక్కలోకి రాదు కోతీ. నేరుగా మారినవాళ్ళకి మొదటి రోజు నుంచే లెక్క మొదలు. ఇప్పుడు దానికి కావాల్సిన ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామని ప్రభుత్వం అంటోంది కాబట్టి ఒక్కో ఏడాదీ ముఖ్యమే. చేతిలో మంచి ఆఫర్ ఉంటే వదిలేసి రెండేళ్ళు స్వేచ్ఛగా తిరుగుతానంటే నేను మెచ్చుకోను.

కోడింగ్_కోతి

మంచి ఆఫర్ ఉంటే మీరు చెప్పినట్టే చేస్తా. కంపెనీ మొన్ననే లైసెన్స్ తెచ్చుకున్న పదిమంది కంపెనీ అయితే చేయను. ఇంతకంటే దిగను.

ఆనంద్_హ్యాట్‌ఫీల్డ్

కోతి చివర అన్న మాట గట్టిగా పట్టుకోండి. నా సంగతి చెప్తాను, ఎవరి పేర్లూ చెప్పను.

గ్రాడ్యుయేట్ వీసా అయిపోతోందన్న టెన్షన్‌లో 2024లో ఒకాయన ద్వారా సీఓఎస్ కొన్నాను. పన్నెండు వేల పౌండ్లు. సగం ఇంటి దగ్గర అప్పు చేసి పంపారు. కాగితం మీద ఐటీ అనలిస్ట్, నిజంగా అక్కడ పనే లేదు. జీతం వాళ్ళు వేస్తారు, పన్ను పోగా మిగిలింది నేను క్యాష్‌లో వెనక్కి ఇవ్వాలి. అంటే నా జీతం నేనే ఇచ్చుకుంటున్నాను. కొన్ని నెలలకి ఆ కంపెనీ లైసెన్స్ రద్దయింది. హోమ్ ఆఫీస్ నుంచి 60 రోజుల లెటర్ వచ్చింది. డబ్బు తీసుకున్న ఆయన ఫోన్ ఎత్తడు. పోలీసులకి చెప్దామంటే నేనూ అందులో భాగమే. చివరికి అసలైన స్పాన్సర్ దొరికింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, నాతో పాటు డబ్బు కట్టినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు.

ఇప్పుడు 18 నెలలు అనగానే సీఓఎస్ అమ్మే ఆ ఏజెంట్లంతా మళ్ళీ తిరుగుతున్నారు. హ్యాట్‌ఫీల్డ్‌లో, ఈస్ట్ హామ్‌లో షాపుల దగ్గర నోటి మాటగా చెప్తున్నారు. సీఓఎస్ ఫీజు, స్కిల్స్ చార్జ్ కంపెనీ కట్టాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయడమే తప్పు. ఎవడైనా "ముందు సగం, వీసా వచ్చాక సగం" అన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పాతకాపు_2010

ఆనంద్, ఇది రాయడానికి ధైర్యం కావాలి. థ్రెడ్ పైన పిన్ చేయమని మోడరేటర్ గారిని అడుగుతున్నాను.

మోడరేటర్_మామయ్య

పిన్ చేశాను. పర్సనల్ మెసేజ్‌లో "సీఓఎస్ ఉందా" అని ఆనంద్‌ని అడుగుతున్నవాళ్ళకి ఒక మాట: ఆయన ఏజెంట్ కాదు. ఇంకొకరు అడిగారని తెలిస్తే అకౌంట్ తీసేస్తాను. కెనడా, ఆస్ట్రేలియా రూల్స్ మీద వచ్చిన పోస్టులు వాటి థ్రెడ్‌కి పంపాను, ఇక్కడ యూకే మాత్రమే.

నైట్‌షిఫ్ట్_నాని

ఇంత చెప్పాక కూడా అడిగారా. మనవాళ్ళని బాగు చేయడం ఎవరి తరం.

డిసర్టేషన్_బాధితుడు

జీతం ఎంత ఉంటే స్పాన్సర్ చేస్తారు? ఒకరు 41,700 అంటారు, ఒకరు 33,400 అంటారు. పైగా 2026 జనవరి 8 నుంచి బీ2 స్థాయి ఇంగ్లిష్ పరీక్ష కూడా రాయాలట.

వీసా_పురాణం

రెండు అంకెలూ నిజమే. 2025 జూలై 22 నుంచి మామూలు పరిమితి 41,700. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి, అంటే స్టూడెంట్ లేదా గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవాళ్ళకి 33,400. దానితో పాటు ఆ ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన రేటులో 70 శాతం కూడా చూస్తారు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి రేటు ఎక్కువ కాబట్టి అక్కడ 33,400 సరిపోదు. ఈ తగ్గింపు మొత్తం నాలుగేళ్ళే, గ్రాడ్యుయేట్ వీసాలో గడిపిన కాలం కూడా ఆ నాలుగేళ్ళలోకే వస్తుంది. రెండేళ్ళు గ్రాడ్యుయేట్‌లో ఉంటే తగ్గింపు జీతం మీద ఇంకా రెండేళ్ళే స్పాన్సర్ చేయగలరు.

బీ2 సంగతి: ఇక్కడి యూనివర్సిటీ డిగ్రీ ఉంది నీకు. అదే ఇంగ్లిష్‌కి రుజువు, పరీక్ష అక్కర్లేదు.

డిసర్టేషన్_బాధితుడు

హమ్మయ్య. మా హౌస్‌మేట్ హోటల్లో చెఫ్‌గా పార్ట్‌టైమ్ చేస్తున్నాడు, వాళ్ళ ఓనర్ స్పాన్సర్ చేస్తానంటున్నాడు.

వీసా_పురాణం

2025 జూలై 22 నుంచి కొన్ని మినహాయింపులు తప్ప డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే కొత్తగా స్పాన్సర్ చేయాలి. వందకు పైగా ఉద్యోగాలు లిస్టులోంచి పోయాయి, చెఫ్ అందులో ఒకటి. ఓనర్ మంచివాడే కావచ్చు, లిస్టు చూడలేదంతే.

లెస్టర్_కుర్రాడు

ఇంటర్నేషనల్ ఆఫీస్ నుంచి జవాబు వచ్చింది. బోర్డు డిసెంబర్ 9న. ఆ తర్వాత పది పనిదినాల్లో రిపోర్ట్ చేస్తామన్నారు. అంటే 23వ తేదీ. 24 మధ్యాహ్నం నుంచి జనవరి 4 దాకా యూనివర్సిటీ మూసేస్తారు.

వీసా_పురాణం

ఒక్క రోజు ఆలస్యమైనా అయిపోయినట్టే. ఇంకా పది నెలలు ఉంది, ఇప్పుడే స్టూడెంట్స్ యూనియన్‌ని పట్టుకో. మీ కోర్సు రెప్రజెంటేటివ్ చేత రాయించు: ఒకేడాది మాస్టర్స్ బోర్డుని నవంబర్‌కి జరపమని, కుదరకపోతే డిసెంబర్ 31 లోపు రిపోర్ట్ చేయాల్సినవాళ్ళ పేర్లు ముందుగా తీయమని. ఒక్కడు మెయిల్ పెడితే ఆటో రిప్లై వస్తుంది. రెండొందల మంది సంతకాలు పెడితే రిజిస్ట్రార్ చదువుతాడు. వచ్చే ఏడాది అడ్మిషన్లు వాళ్ళకీ కావాలి.

కోడింగ్_కోతి

మా దగ్గర పోయిన ఏడాది బోర్డు నవంబర్ 20న అయింది, రిపోర్ట్ వారంలో వెళ్ళింది. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో తీరు. వాళ్ళు చేయగలరు, అడిగేవాళ్ళు లేక చేయరు.

లెస్టర్_కుర్రాడు

మా డిపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. గంటలో 40 మంది చేరారు, సగం మందికి జనవరి 1 తేదీ సంగతే తెలియదు. నైజీరియా అబ్బాయి ఒకడు లెటర్ డ్రాఫ్ట్ చేస్తానన్నాడు, లా చదువుతున్నాడట.

జనవరి_ఇన్‌టేక్_జ్యోతి

నేను 2026 జనవరిలో చేరాను, కోర్సు 2027 జనవరిలో అయిపోతుంది. మా కన్సల్టెన్సీ వెబ్‌సైట్‌లో ఇప్పటికీ "రెండేళ్ళ పీఎస్‌డబ్ల్యూ గ్యారంటీ" అని ఉంది. నాకేమైనా అవకాశం ఉందా?

వీసా_పురాణం

లేదమ్మా. నీకు 18 నెలలే. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి మీ యూనివర్సిటీ అడ్మిషన్స్ వాళ్ళకి పంపు. వాళ్ళ ఏజెంట్ అయితే కమీషన్ ఇచ్చేది వాళ్ళే కాబట్టి కనీసం ఆ లైన్ తీయిస్తారు. నువ్వు మాత్రం ఈ సెప్టెంబర్‌లో తెరుచుకునే గ్రాడ్యుయేట్ స్కీములకి డిసర్టేషన్ పక్కన పెట్టుకునైనా అప్లై చెయ్.

జనవరి_ఇన్‌టేక్_జ్యోతి

పంపించాను. వాళ్ళ ఏజెంటేనట. "పరిశీలిస్తాం" అని రాశారు.

మాధవి_మిడ్‌ల్యాండ్స్

జ్యోతీ, నీ సబ్జెక్ట్ ఏంటో చెప్పు. సెప్టెంబర్ దాకా ఆగకుండా తీసుకునే కంపెనీలు కొన్ని తెలుసు నాకు, సీవీలో ఏం మార్చాలో చూద్దాం.